లోపల ఆగిన మాటలు

కీబోర్డును తలకిందులుగా పట్టుకుని, పాలు తాగిన పసిపిల్లను భుజాన వేసుకుని తట్టినట్టు, వాహెద్ రెండుసార్లు తట్టాడు. కింద పరిచిన పేపరు మీద అటుకుల తునకలు రాలాయి. ఒక తెల్ల వెంట్రుక, విరిగిన పెన్సిల్ మొన, ఎండిపోయిన చీమలు రాలాయి. మూడోసారి తట్టేసరికి ఒక బియ్యపు గింజ కూడా వచ్చింది. గడ్డానికి వాడి వదిలేసిన పాత బ్రష్షుతో అక్షరాల సందులు ఊడ్వసాగాడు.

బెల్లంపల్లి బజారులో అతని దుకాణం ఎనిమిదడుగుల వెడల్పు. పైన బోర్డు మీద ఇప్పుడు కంప్యూటర్ అని ఉంది గాని, ఎండ ఏటవాలుగా పడినప్పుడు ఆ రంగు కింద టీవీ అన్న అక్షరాలు, వాటి కింద ఇంకా పాత రేడియో అన్న అక్షరాలు కనిపిస్తాయి. మూడూ అతను రాయించినవే. యాభై ఏడేళ్ల సన్నని మనిషి. టంకం పొగకు అలవాటై ఎడమ కన్ను ఎప్పుడూ సగం మూసుకునే ఉంటుంది. వేళ్ల కొసల మీద కాలిన మచ్చలు. తీగలు పైకి లేపడానికి కుడిచేతి చిటికెన వేలి గోరు పెంచుకున్నాడు.

అతని తండ్రి బొగ్గుబాయి మీద ఇంజిన్ నడిపేవాడు. కొడుక్కీ అక్కడే ఉద్యోగం వచ్చేది. డాక్టరు పరీక్ష చేసి ఎడమ చెవి సరిగా వినపడదని తిప్పి పంపించాడు. ఆ ఏడు అతను మేనమామ రేడియో దుకాణంలో చేరాడు. మిగిలిన కుడి చెవితో గరగరకు, బరబరకు తేడా పట్టడం నేర్చుకున్నాడు. నలభై ఏళ్లుగా ఆ ఒక్క చెవే అన్నం పెడుతోంది.

ఫోను మోగింది. నాగవ్వ.

"వాహెదూ, మీ కాక మళ్ల మూగోడైండు బిడ్డా. డబ్బ మాట్లాడుతలే. నువ్వు జర వస్తవా?"

"వస్తున్న చిన్నమ్మా. ఫికర్ చెయ్యకు."

బ్రష్షు పక్కన పెట్టి, సంచి భుజాన వేసుకున్నాడు. పక్క దుకాణంలో మిషన్ తొక్కుతున్న దర్జీ దశరథానికి చెయ్యి ఊపి, స్కూటర్ తీశాడు. పొద్దటి చలి ఇంకా పోలేదు. రైలు గేటు పడి ఉంది. బొగ్గు లేని ఖాళీ వ్యాగన్లు చాలాసేపు పోయాయి. ఎడమ భుజం కింద ఏదో పట్టేసినట్టుంటే సంచిని కుడి భుజానికి మార్చుకున్నాడు. సోమవారం ఆస్పత్రికి పోదామని భార్య ఖుర్షీద్ పది రోజులుగా అంటోంది. ఆమె అంటుంది, అతను తల ఊపుతాడు. వాళ్ల మధ్య మాటలు చాలావరకు అట్లాగే సాగుతాయి.

పాత క్వార్టర్ల వరుసలో చివరి ఇల్లు మొండయ్యది. బాయి మూతపడి ఏళ్లయింది, ఇల్లు మాత్రం అతని పేరున మిగిలింది. ముప్పై ఏళ్లు బాయిలో దిగిన మనిషి. పైకప్పు పెళ్ల కూలి ఎడమచేతి రెండు వేళ్లు పోతే, పైన దీపాల గదిలో కూర్చోబెట్టారు. కార్మికుల నెత్తి దీపాలు ఇచ్చి పుచ్చుకునే చోటు అది. అక్కడికి కంప్యూటర్ వచ్చినప్పుడు హాజరు ఎక్కించడం మొండయ్యకే అప్పజెప్పారు. ఎనిమిది వేళ్లతో తెలుగు టైపు నేర్చుకున్నాడు. రిటైరయ్యాక గొంతులో పుండు లేచింది. ఆపరేషన్‌లో ప్రాణం మిగిలింది, గొంతు మిగల్లేదు. నాగవ్వకు చదువు రాదు. రాసి చూపిస్తే ఆమెకు ఉపయోగం లేదు. అప్పుడు వాహెద్ ఒక పాత డెస్క్‌టాప్ తెచ్చి, టైపు చేసిన తెలుగును చదివి వినిపించే ప్రోగ్రాం అందులో వేశాడు. మూడేళ్లుగా ఆ డబ్బాయే మొండయ్య గొంతు.

నాగవ్వ గుమ్మంలోనే ఎదురైంది. చెంగు నడుముకు దోపుకుని, చేతిలో చేటతో, అప్పటికే మాట్లాడుతూ.

"పదిహేను దినాల సంది గిట్లనే ఉన్నది. పొద్దుగాల గొట్టిన మాట పగటీలికి వస్తది. మొన్న అన్నం తిని చెయ్యి కడుక్కున్నంక 'ఆకలైతుంది' అన్నది. నేను ఇంకింత పెట్టిన. ఈయన చెయ్యి అడ్డం పెడుతుండు, అది ఆకలైతుందనుకుంటనే ఉన్నది. ఎవల మాట ఇనాలె చెప్పు? నిన్న పొద్దటి సంది మొత్తమే బందైంది. 'నీతోని మాట్లాడుడు గోడతోని మాట్లాడుడే' అని ఈయనతోని అన్న. అన్నంక నాకే మంచిగనిపియ్యలే."

చివరి మాట గొంతు తగ్గించి అంది. చేటలో బియ్యం చెరుగుతూ పెరట్లోకి వెళ్లిపోయింది.

మొండయ్య కిటికీ పక్కన బల్ల ముందు కూర్చుని ఉన్నాడు. ఒకప్పుడు తలుపు దాటాలంటే వంగాల్సినంత పొడవు మనిషి. ఇప్పుడు కూర్చుంటే భుజాలు చెవుల దాకా వస్తాయి. మెడకు పలుచని తెల్ల గుడ్డ కట్టి ఉంది. ఊపిరి తీసినప్పుడల్లా ఆ గుడ్డ లోపలికి, బయటికి కదులుతుంది. వాహెద్‌ను చూసి నవ్వి, కుర్చీ జరిపాడు.

గదిలోకి అడుగు పెట్టగానే వాహెద్‌కు చప్పుడు వినిపించింది. డబ్బాలోని ఫ్యాను గిర్రున, ఊపిరి తిప్పుకోకుండా తిరుగుతోంది. చెయ్యి ఆనిస్తే రేకు వేడిగా తగిలింది. డబ్బా పక్కమూతను పాత చీర అంచుతో కట్టి ఉంచారు. ముడి విప్పి లోపల చూశాడు. బొగ్గుదుమ్ము సన్నగా ఉంది గాని, ఇంత వేడి పుట్టించేంత లేదు. బ్రష్షుతో తుడిచి మళ్లీ కట్టాడు. ఫ్యాను తగ్గలేదు.

"ఒక్కసారి బంద్ చేసి మళ్ల చాలు జేస్తే పది నిమిషాల పని కాకా," అంటూ బటన్ మీద వేలు పెట్టాడు.

మొండయ్య మూడు వేళ్ల చెయ్యి వచ్చి అతని మణికట్టు పట్టుకుంది. ఆ పట్టులో బలం చూసి వాహెద్ ఆశ్చర్యపోయాడు. మొండయ్య పాత క్యాలెండర్ కాగితం వెనకవైపు పెన్సిల్‌తో రాశాడు.

'వద్దు. లోపట మాటలున్నయ్.'

వాహెద్ తెర వైపు చూశాడు. టైపు చేసి మీట నొక్కగానే ఆ ప్రోగ్రాం వాక్యాన్ని లోపలికి తీసుకుంటుంది. తెర మీద మళ్లీ కనపడదు. మూల మీద చిన్న అంకె మాత్రం ఉంటుంది, ఎన్ని మాటలు వరుసలో ఉన్నాయో. ఇప్పుడు అక్కడ పద్నాలుగు అని ఉంది. డబ్బా ఆపేస్తే పద్నాలుగూ పోతాయి.

"మళ్ల కొట్టరాదు కాకా? నేను ఈన్నే ఉంట."

మొండయ్య తల అడ్డంగా ఊపాడు. తర్వాత రాశాడు.

'పొద్దున ఒక్కసారి వచ్చినయ్. మళ్ల రావు.'

వాహెద్ చదివి, బటన్ మీది వేలు తీసేశాడు. సంచి కింద పెట్టి, కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

"సరే. బంద్ చెయ్యకుంటనే చూద్దాం. జర టైం పడ్తది."

ఏ పని ఎంత భారం వేస్తోందో చూపించే పట్టికను తెరిచాడు. అది తెరుచుకోవడానికే నాలుగు నిమిషాలు పట్టింది. ప్రాసెసర్ వాడకం నూటికి నూరు అని ఒక్క క్షణం కనిపించి, గబగబా పడిపోయింది. డెబ్బై, నలభై, పన్నెండు. ఫ్యాను కూడా నెమ్మదించింది. మొండయ్య చేతులు జోడించబోయాడు. వాహెద్ ఆగమన్నట్టు వేలెత్తి, పట్టికను మూసేసి, కళ్లు మూసుకుని కుడి చెవిని డబ్బాకు ఆనించాడు. అరనిమిషం నిశ్శబ్దం. తర్వాత ఫ్యాను మళ్లీ అందుకుంది.

పట్టిక తెరిచాడు, ఫ్యాను తగ్గింది. మూశాడు, పెరిగింది. మూడుసార్లు అట్లాగే చేశాడు. అతని ముఖంలోకి మెల్లగా ఒక సంతోషం వచ్చింది. రేడియోలో ఎక్కడో ఊడిన తీగ దొరికినప్పుడు వచ్చే సంతోషం అది.

"దొంగోడున్నడు కాకా. లైటేస్తే దాక్కుంటుండు, లైటు తీస్తే బయటికొస్తుండు. గీ పట్టిక పేరు వానికి తెలుసు."

సంచిలోంచి పెన్‌డ్రైవ్ తీసి పెట్టాడు. అందులో అదే పని చేసే ఇంకో చిన్న ప్రోగ్రాం ఉంది. దాని అసలు పేరు మార్చి, వాహెద్ తన కూతురు పేరు పెట్టుకున్నాడు. పోలీసోని పేరు దొంగకు తెలుస్తుంది గాని యుమ్నా పేరు ఎట్లా తెలుస్తుంది? యుమ్నా తెరుచుకుంది. ఫ్యాను తగ్గలేదు. పేర్ల వరుసలో పై నుంచి మొదటిది, ప్రింటర్‌కు సంబంధించినట్టు పేరు పెట్టుకుని, నూటికి తొంభై నాలుగు పాళ్లు తానే తింటోంది. ఈ ఇంట్లో ప్రింటర్ లేదు.

ముందు ఇంటర్నెట్ తీగ పీకాడు. ఆ పేరును ఆపేశాడు. పదిహేను అంకెలు లెక్కపెట్టేసరికి అది మళ్లీ లేచి కూర్చుంది. ఇంకో తోడు దొంగ దాన్ని లేపుతున్నాడన్నమాట. వాడిని వెతకాలి. ఒక్కో పేరూ చదువుతూ, అది ఎక్కడి నుంచి మొదలైందో, ఏ రోజు వచ్చిందో చూస్తూ పోయాడు. గంట దాటింది. పెరట్లో చేట చప్పుడు ఆగి, పొయ్యి దగ్గర గిన్నెల చప్పుడు మొదలైంది.

దొరికింది. దసరా మరునాడు వచ్చిన ఫైలు.

"గా దినం కొత్తగ ఏమన్న దించినవా కాకా?"

మొండయ్య పెరటి తలుపు వైపు చూశాడు. పెన్సిల్ తీసుకుని, చిన్న అక్షరాలతో రాశాడు.

'కొత్త గొంతు. గీ గొంతు ఎవడో పరాయోడు ఇంట్ల ఉన్నట్టున్నదంటది నాగవ్వ. ఫ్రీ అని ఉన్నది. దించిన. గొంతు రాలే.'

రాసి తల దించుకున్నాడు. డెబ్బై ఒక్క ఏళ్ల మనిషి, తప్పు చేసి దొరికిన పిల్లవాడిలా. వాహెద్ ఆ కాగితాన్ని బోర్లా తిప్పి పెట్టాడు.

"నీ తప్పేం లేదు. గొంతని జెప్పి లోపటికొచ్చిండు. ఎవడో ఏ దేశంల్నో కూసొని, నీ డబ్బతోని లెక్కలు చేయించి వాడు పైసలు సంపాదిస్తుండు. దీన్ని మైనింగ్ అంటరు కాకా."

మొండయ్య తలెత్తి, నిజమా అన్నట్టు చూశాడు.

"హౌ. మైనింగే. లోపట రాత్రింబగళ్లు తవ్వుతనే ఉంటది."

మొండయ్య భుజాలు కదలసాగాయి. మెడ మీది గుడ్డ ఎగిరెగిరి పడింది. నవ్వుకు చప్పుడు లేదు గాని, కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వాడు. కాగితం తిప్పి రాశాడు.

'రిటైరైనా షిఫ్టు తప్పలే.'

వాహెద్ కూడా నవ్వాడు. నవ్వుతూనే ఇద్దరు దొంగలనూ ముందు కదలకుండా నిలబెట్టాడు. అట్లా అయితే ఒకడిని ఇంకొకడు లేపలేడు. తర్వాత ఇద్దరినీ ఒకేసారి తీసేశాడు. డబ్బా మొదలైనప్పుడల్లా వాళ్లను పిలిచే ఏర్పాటును తుడిచేశాడు. ఫైలును పారేసి, ఇంకెక్కడా దాని పిల్లలు లేవని చూశాడు. తొంభై నాలుగు కాస్తా మూడు అయింది.

ఫ్యాను నెమ్మదించింది. రెండు వారాలుగా ఆ గదిలో నిండి ఉన్న హోరు పోయి, బయట కోడి కొక్కరించడం వినిపించింది.

అప్పుడు డబ్బా మాట్లాడింది.

"నాగవ్వ."

వంటింట్లో గిన్నె చప్పుడు ఆగింది.

"చాయ్ మంచిగుంది," అంది ఆ గొంతు. ఎత్తుపల్లాలు లేని, ప్రతి అక్షరాన్నీ విడివిడిగా పెట్టే గొంతు. "బియ్యంల పురుగు పట్టింది. ఎండకు ఆరపొయ్యి. తలుపు కొడుతుండ్రు. ఎవలో చూడు. నాగవ్వ. ఫ్యాను బంద్ చెయ్యి, సలి పెడుతుంది."

నాగవ్వ తడి చేతులతో వచ్చి గడప మీద నిలబడింది. అవి నిన్నటి మాటలు. నిన్న తలుపు కొట్టినవాళ్లు వచ్చి వెళ్లిపోయారు. నిన్నటి చలికి ఆమే గది ఫ్యాను ఆపింది.

"నాగవ్వ. కోపమా."

డబ్బా ఒక్క ఊపిరి ఆగింది. మొండయ్య లేవబోయి, లేవలేక బల్ల అంచు పట్టుకున్నాడు.

"గోడతోని మాట్లాడినట్టున్నదంటివి. నిజమే. గొంతున్నప్పుడు నేను మాట్లాడలే. ముప్పై ఏండ్లు బాయిల దిగి వచ్చిన, తిన్న, పండుకున్న. నువ్వు చెప్తనే ఉంటివి, నేను నిద్రపోతి. ఇప్పుడు మాట్లాడుదామంటే డబ్బ ఇంటలేదు."

వాహెద్ లేచి బయటికి పోదామనుకున్నాడు. గడపలో నాగవ్వ ఉంది. కిటికీ వైపు తిరిగి, అవసరం లేకపోయినా ఇంటర్నెట్ తీగను చుట్ట చుట్టసాగాడు.

"ఆపరేషన్ అయినంక నన్ను బయటికి తెచ్చిండ్రు. గొంతు పోయిందని అందరు ఏడ్చిండ్రు. నువ్వు నవ్వినవు. ఎందుకు నవ్విందీమె అని నాకు మస్తు కోపమొచ్చింది. పానం మిగిలిందని నవ్వినవని తర్వాత ఎర్కైంది. ఎర్కైందని నీకు చెప్పలే. ఇప్పుడు చెప్తున్న."

అంకె ఒకటికి వచ్చింది.

"వేరే గొంతు దేవులాడిన. దొరకలే. గీ గొంతుతోనే సర్దుకో నాగవ్వ."

డబ్బా ఊరుకుంది. నాగవ్వ చెంగుతో చేతులు తుడుచుకుని, మొగుడి దగ్గరికి వచ్చి, మెడ మీద పక్కకు జరిగిన గుడ్డను సరిచేసింది. ముడి వదులైతే మళ్లీ కట్టింది.

"గీ గొంతే మంచిగున్నది," అంది. "ఏం మార్చకు."

వాహెద్ తీగ చుట్టడం అయిపోయింది. మళ్లీ విప్పి పెట్టాల్సి వచ్చింది.

ఆమె అతన్ని ఊరికే పోనియ్యలేదు. జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టింది. ఆకలి లేదన్నా ఒక రొట్టె తినిపించింది. పోతుంటే నాలుగు సీతాఫలాలు సంచిలో వేసింది. మొండయ్య గుమ్మం దాకా వచ్చాడు. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కి పోయి బల్ల ముందు కూర్చున్నాడు. వాహెద్ స్కూటర్ తన్నేలోపు కిటికీలోంచి ఆ గొంతు వినిపించింది. ఈసారి ఆలస్యం లేకుండా.

"పైలం బిడ్డా."

రైలు గేటు దగ్గర వాహెద్ స్కూటర్ ఆపాడు. గేటు తెరిచే ఉంది. పక్కన వేపచెట్టు కింద నిలబడి ఖుర్షీద్‌కు ఫోన్ చేశాడు.

"క్యా హువా జీ?" అంది ఆమె, అతని ఒంటికి ఏమైందోనని భయంగా. "తబియత్ ఠీక్ హైనా?"

"ఠీక్ హై. కుచ్ నై. ఐసేచ్ కరా."

"ఐసేచ్?"

"హౌ. ఊర్కెనే. ఏం చేస్తున్నవ్?"

అటు కుర్చీ లాగిన చప్పుడు. తర్వాత ఆమె చెప్పడం మొదలుపెట్టింది. ఎదురింటి వాళ్ల జాకెట్లు కుట్టడం అయిపోయిందట. నల్లా నీళ్లు ఇవాళ తొందరగా వచ్చాయట. కరీంనగర్‌లో నర్సింగ్ చదువుతున్న యుమ్నా ఫోన్ చేసి, హాస్టల్‌లో పప్పు నీళ్లలా ఉంటోందని చెప్పిందట. వాహెద్ ఫోను కుడి చెవికి గట్టిగా ఆనించుకుని అన్నీ విన్నాడు. మధ్యలో తర్వాతేంటని "ఫిర్?" అన్నాడు, ఒకసారి కాదు, రెండు మూడుసార్లు. ఆమె చెప్పడానికి ఇంక ఏమీ మిగలనప్పుడు ఇద్దరూ నవ్వుకున్నారు.

"సాయంత్రం జల్ది వస్త," అన్నాడు. "సీతాఫలాలు తెస్తున్న."

దుకాణానికి వచ్చాక ఒక బడి వాళ్ల కంప్యూటర్ ముందేసుకున్నాడు. మాటిమాటికీ ఆగిపోతోందట. మూడు గంటలప్పుడు దశరథం రెండు చాయ్‌లు తెప్పించి, ఒకటి అతని బల్ల మీద పెట్టాడు. వాహెద్ చాయ్ తాగి, వీపు గోడకు ఆనించి కూర్చున్నాడు. మధ్యాహ్నం పది నిమిషాలు అట్లా కళ్లు మూసుకోవడం అతనికి మామూలే. దశరథం ఒక చొక్కాకు కాజాలు కుట్టాడు. రెండో చొక్కా కూడా అయింది. ఎండ బోర్డు దాటి లోపలికి వచ్చి వాహెద్ ముఖం మీద పడింది. ఎండ పడినా అతను పక్కకు తిరగలేదు.

"వాహెద్ భాయ్," అని పిలిచాడు దశరథం. రెండోసారి పిలిచి, మిషన్ మీంచి కాలు తీసి, లేచి వచ్చాడు.

మరునాడు వాహెద్ జనాజా లేచి ఖననం అయ్యాక మొండయ్య, నాగవ్వ అతని ఇంటికి వచ్చారు. మొండయ్య వాకిట్లో మగవాళ్ల మధ్య కూర్చున్నాడు. అక్కడ ఎవరూ ఎక్కువ మాట్లాడటం లేదు గనక అతనూ అందరిలాగే ఉన్నాడు. నాగవ్వ లోపలికి పోయి ఖుర్షీద్ పక్కన చాప మీద కూర్చుని, ఆమె చెయ్యి తన ఒళ్లో పెట్టుకుంది.

"పది నిమిషాల్ల అయిపోయే పని బిడ్డా," అంది. "మా ఆయన మాటలు పోతయని రెండు గంటలు కూసున్నడు. మూడేండ్ల సంది నేను ఇననిది నిన్న ఇన్న."

నాగవ్వ ఒళ్లో ఖుర్షీద్ చెయ్యి కదిలింది.

"నిన్న నాకు ఫోన్ చేసిండు చిన్నమ్మా," అంది. "ఊర్కెనే చేసిండు. ఇరవై తొమ్మిదేండ్లల్ల ఊర్కెనే చేసుడు గదే మొదలు. నేనేమేమో చెప్పిన. జాకెట్లు, నల్లా నీళ్లు... అన్ని ఇన్నడు. ఫిర్, ఫిర్ అని అడిగిండు."

"ఇన్నడు గదా," అంది నాగవ్వ.

"ఇన్నడు."

నలభై రోజులు గడిచాక ఖుర్షీద్, యుమ్నా దుకాణం షట్టర్ ఎత్తారు. దశరథం వస్తువులకు అంటించిన చీటీలు చదివి చెబుతుంటే, ఎవరి వస్తువులు వాళ్లకు పంపించారు. ఫోటో స్టూడియో వాళ్లు ఆ రోజు పొద్దున అతను దులిపిన కీబోర్డు పట్టుకుపోయారు. చివరికి బడి వాళ్ల కంప్యూటర్ ఒక్కటి మిగిలింది, పైమూత తీసి పక్కన ఆనించి ఉంది. యుమ్నా బల్ల తుడవబోతే తల్లి చెయ్యి అడ్డుపెట్టింది.

చాయ్ సాసర్‌లో ఏడు స్క్రూలు, విప్పిన వరుసలోనే గుండ్రంగా పేర్చి, మొదటిది ఏదో మరిచిపోకుండా దాని కింద ఒక అగ్గిపుల్ల పెట్టి ఉన్నాయి.